పేరు రాయని బిల్లు

మొన్న గ్యాసు బుక్ చేద్దామని ఫోను తీస్తే, ఆ యాప్ నా చేతిలోనే చటుక్కున మూసుకుపోయి, ఏమీ ఎరగనట్టు మళ్లీ తెరుచుకుంది. ఈ కాలపు యాప్‌లకు అంతా గుట్టే. మనల్ని ఒక్క మాట అడగకుండా కంపెనీకి మాత్రం కబురు పంపేసుకుంటాయి. మన రోజుల్లో కంప్యూటరులో ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ పడిపోతే ఒక చిన్న పెట్టె తెర మీదికి వచ్చి, మీరు ఏం చేస్తుండగా ఆగిపోయిందని మర్యాదగా అడిగేది. మీలో చాలామంది విసుక్కుని మూసేసే ఉంటారు. అలాంటి పెట్టెలు రాసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. మా అక్కకూ నాకూ మిగిలిన మాటలన్నీ ఆ పెట్టెలోనే జరిగాయి కనుక, ఏ యాప్ మూసుకుపోయినా ఈనాటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. అక్కను కంభంలో ఎరువుల దుకాణం ఉన్న ఇంటికి ఇచ్చారు, నేను చదువుకుని హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. దుకాణాలకు మా కంపెనీ అమ్మే బిల్లింగ్ ప్రోగ్రాము ఎక్కడైనా పడిపోతే, ఆ చివరి క్షణంలో ఏం జరిగిందో ఏరుకొచ్చి మాకు పంపే లైబ్రరీని, అంటే దానికి తగిలించే కోడు ముక్కను, రాయడం నా పని. పడిపోయే ప్రోగ్రాము తన గోడు తాను చెప్పుకోలేదు గనుక, పక్కనే ఇంకో చిన్న ప్రోగ్రామును కాపలా పెట్టి, దాని చేత అడిగించేవాళ్లం. మేము జవాబు రాసి ఉంచితే, ఆ కంప్యూటరులో ప్రోగ్రాము మళ్లీ పడిపోయి నివేదిక పంపినప్పుడు అది తెర మీద కనబడేది. బావ దుకాణంలో ఆ ప్రోగ్రామును నేనే పెట్టించాను. బావ కీబోర్డును పామును చూసినట్టు చూసేవాడు కాబట్టి బిల్లులన్నీ అక్కే కొట్టేది. ఆ పెట్టె నేను రాసిందేనని, అందులో రాసింది నా దగ్గరికే వస్తుందని అక్కకు తెలుసు.

ఆ తర్వాత నేను మా ఆఫీసులోనే పనిచేసే, నాకు నచ్చినవాణ్ణి ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్నాను. నాయన నా పేరు ఎత్తవద్దన్నాడు. అంతటితో ఊరుకోకుండా, అక్క చేత కన్నకొడుకు తల మీద చెయ్యి పెట్టించి, నాతో ఫోనులో మాట్లాడనని, ఉత్తరం రాయనని, నేను రాస్తే విప్పనని ఒట్టు వేయించుకున్నాడు. అక్కకు ఒట్టంటే ఒట్టే. నేను ఫోను చేస్తే, గొంతు వినబడగానే పెట్టేసేది.

కొన్నాళ్లకు కంభం కంప్యూటరు నుంచి ఒక నివేదిక వచ్చింది. పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. "పేరు రాయకుండా బిల్లు కొట్టినా, పడిపోయింది. అప్పుడే పిల్లోనికి బువ్వ పెట్టి వచ్చినా. చెరువు నిండింది. నాయనకు మోకాళ్ల నొప్పులు. మిషను అడిగింది కాబట్టి చెప్తున్నా, నేనై నేను ఎవురికీ ఏమీ రాయలేదు." ఆఫీసులో అందరి ముందూ నవ్వుతూ ఏడ్చాను. అడిగింది మిషను, చెప్పింది తను, ఒట్టు ఎక్కడ తప్పినట్టు? పేరు గడి ఖాళీగా వదిలేసి బిల్లు కొడితే ప్రోగ్రాము పడిపోతుందన్న సంగతి మాకంటే ముందు అక్కే కనిపెట్టింది, మనసుకు తోచినప్పుడల్లా దాన్ని పడగొట్టింది. జడ ఇంకా ఊడుతోందా అక్కా అని నేను జవాబు పెడితే, తల్లోకి తెల్లవెంట్రుకలు వచ్చినాయని తర్వాతి నివేదికలో రాసింది.

ఒకసారి దుకాణం కంప్యూటరు బాగుచేసినవాడు విండోస్ తీసేసి, దాని బదులు కంప్యూటరును నడిపే లైనక్స్ అనేదాన్ని పెట్టిపోయాడు, నా లైబ్రరీ దాని మీద మూగదైపోయింది. తిండీ నిద్రా మానుకుని దానికీ రాశాను. బావ బుర్రకు రేపు ఏం తోస్తుందోనని మ్యాక్ కంప్యూటర్లకు కూడా రాసి పెట్టాను. అన్ని రకాల యంత్రాల మీదా నడిచేలా రాశానని కంపెనీలో మెచ్చుకున్నారు. నాకు కావలసింది కంభం బజారులోని ఆ ఒక్క కంప్యూటరే.

నాకు నెలలు నిండుతున్నప్పుడు వచ్చిన నివేదికలో, తన కాళ్లు వాస్తున్నాయని అక్క ఒక ముక్క రాసి, వెంటనే నా సంగతికి వచ్చేసింది. "కాన్పు అయినాక ఎవురు పుట్టినారో చెప్పల్ల. అంతదాకా నాకు బువ్వ దిగదు." ఆడపిల్ల అక్కా, ముక్కు నీదే అని ఆసుపత్రి నుంచే మా ఆయన చేత జవాబు పెట్టించాను. అక్క చూసుకునే ఉంటుందన్న ధీమాతో, పిల్లతో అత్తగారింట్లో నెలల తరబడి ఉండిపోయాను.

తిరిగి ఆఫీసుకు వెళ్లి చూస్తే ఆ జవాబు కదలకుండా అక్కడే ఉంది. ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే, నేను అన్నయ్యా అని పిలిచే ఆయన, పాపం, మీ అక్కవాళ్లది ఊరికే పడిపోతోంది కదమ్మా అని, నేను లేనప్పుడు నామీది అభిమానంతో ఆ లోపాన్ని సరిచేసేశాడు. పేరు లేకపోతే నగదు అని అచ్చు వేసుకుని ప్రోగ్రాము చక్కగా ముందుకు పోతోంది, ఇక పెట్టె రాదు, నా జవాబూ కనబడదు. ఆయన్ను ఏమనగలను? ఆ ఒక్క దుకాణం కోసం ఆ లోపాన్ని మళ్లీ పెట్టి పంపాను, కానీ కంభం కంప్యూటరు దాన్ని తీసుకోలేదు. దుకాణం గానీ మూసేశారా అని నేను ఆరా తీసేలోపే బావ ఫోను చేశాడు. అక్కకు రెండు కిడ్నీలూ పోయాయట, ఆసుపత్రిలోనే కన్నుమూసిందట.

పిల్లనెత్తుకుని వెళ్లాను, నాయన అడ్డు చెప్పలేదు. అరుగు మీద కూర్చుని బావ చెప్పుకుంటూ పోయాడు. "నిలబడే ఓపిక లేకున్నా దుకాణానికి తీసకపొమ్మనేది అమ్మా. సరుకు లేదు, పేరు లేదు, బిల్లు మీద బిల్లు కొట్టేది. ఇది ఇంక పడిపోదు, బాగైపోయింది అని ఒకటే ఏడుపు. మిషను బాగైతే ఏడ్చేదేంది అమ్మా? జబ్బుకు మతి పోయిందేమో అనుకున్నా."

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ అందరితో మాటలున్నాయి. నాయన పోయేదాకా మా దగ్గరే ఉండి, మా అమ్మాయిని భుజాన వేసుకుని తిరిగాడు. బావ రోజూ పొద్దున్నే ఫోనులో పూల బొమ్మ పంపుతాడు, అక్క కొడుకు వీడియోలో కబుర్లు చెబుతాడు. ప్రోగ్రాములు కూడా ఇదివరకటంతగా పడిపోవడం లేదు, మంచిదే. ఇన్ని దారులు తెరుచుకున్నాయి గానీ, ఎవురు పుట్టినారో చెప్పమని అడిగిన ఆ ఒక్క మనిషికి, ఆడపిల్ల అక్కా అని నేను చెప్పలేకపోయాను.