మెహజబీన్ పిడికిలి

బందరు ఇనగుదురుపేటలో ఏ ముస్లిం ఇంట్లోనైనా ఆడమనిషి పోతే ముందు కబురు వెళ్ళేది జహీదా ఇంటికే. డాక్టరు పెదవి విరిచీ విరవకముందే ఎవరో ఒకరు ఆమె గుమ్మం ముందు నిలబడేవారు. పోయినవాళ్ళకు చేయించే చివరి స్నానాన్ని గుసుల్ అంటారు. ఆ పని జహీదాకు అత్తగారు నేర్పింది. పొట్టకూటికి రోల్డ్ గోల్డ్ గాజులకు రాళ్ళు అతికించేది. ఇది మాత్రం దేవుడి పని. ముప్ఫై ఏళ్ళలో ఎంతమందికి చేయించిందో ఆమెకే గుర్తు లేదు.

చేతికి గుడ్డసంచి తొడుక్కుని, రేగాకు వేసి కాచిన నీళ్ళతో, కుడిపక్క నుంచి మొదలుపెట్టేది. ఆఖరి చెంబులో కర్పూరం కలిపేది. కొందరు పిడికిలి బిగించుకుని పోతారు. అలాంటివాళ్ళ వేళ్ళు లాగితే రావు. జహీదా తన కుడి బొటనవేలిని ఆ అరచేతి మొదట్లోకి దూర్చి, గోరువెచ్చని నీళ్ళు పోయిస్తూ, నెమ్మదిగా నొక్కేది. "వదులు తల్లీ, ఇంకేం పట్టుకోనక్కర్లేదు" అనేది. ఎంత మొండి పిడికిలైనా ఆ మాటకు సడలేది. పేటలో ఆడవాళ్ళు దీన్ని కథలుకథలుగా చెప్పుకునేవారు.

అంతటి మనిషికి తన పిడికిలే మూసుకుపోయిందంటే ఏమనాలి చెప్పండి!

కిందటేడు రంజాన్ వెళ్ళిన వారానికి పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. మూడు నెలలకు మాట తిరిగింది, ఆరు నెలలకు కాలు కదిలింది. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి, గోళ్ళు దిగి పుండ్లు పడుతుంటే కూతురు ఫౌజియా రోజూ దూది పెట్టేది. నాటు నూనెలయ్యాయి, మాలిష్‌లయ్యాయి, దర్గాలో తాయెత్తు కూడా అయింది.

ఆ చెయ్యి ఎందుకు తెరుచుకోదో జహీదాకు తెలుసు. తెలుసుననే అనుకునేది. ఏ మధ్యాహ్నమో ఒంటరిగా కూర్చుని ఉండగా ఎక్కడి నుంచో కర్పూరం వాసన వచ్చేది. ఆ వెంటనే పిడికిలి ఇంకాస్త బిగిసేది. ఎవరో లోపలి నుంచి తన వేళ్ళను పట్టుకున్నట్టే ఉండేది. "మెహజబీన్, వదలవే" అని గొణుక్కునేది. ఫౌజియా వింటే మందులు ఎక్కువయ్యాయేమో అనుకునేది.

మెహజబీన్ ఎవరంటే, పక్కవీధి మనిషి. చిన్నప్పటి నుంచీ జహీదాకు ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని గాజులకు రాళ్ళు అతికించేవారు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు, మే నెలలో, ఆయాసంతో ఇంట్లోనే పోయింది. మెహజబీన్ తల్లి ఖాసింబీ ఎర్రటి ఎండలో జహీదా ఇంటికి వచ్చింది. అప్పుడు ఫౌజియాకు ఏడో నెల, పురిటికి పుట్టింట్లోనే ఉంది. చావు కబురు తెలియగానే జహీదా వీధి తలుపుకు బయట తాళం వేసి, దొడ్డిదారిన లోపలికి వచ్చి కూర్చుంది. "జహీదా, ఒక్కసారి రావే" అని ముసలామె తలుపు కొట్టింది. మళ్ళీ కొట్టింది. జహీదా నోట్లో కొంగు కుక్కుకుని ఊపిరి బిగబట్టింది. కాసేపటికి చెప్పుల చప్పుడు దూరమైంది.

మెహజబీన్‌ను ఎక్కడివాళ్ళో, ముసుగులేసుకున్న మనుషులు గుడ్డ మీదే నీళ్ళు చల్లి తీసుకుపోయారు. పిడికిలి బిగిసే ఉందని, ఎవరూ విప్పలేదని తర్వాత తెలిసింది. ఊళ్ళో లేనని అందరికీ చెప్పుకుంది జహీదా. గూడూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళానంది. అందరూ నమ్మారు. నమ్మారనే ఇన్నాళ్ళూ అనుకుంది.

ఇదిలా ఉండగా ఖాసింబీ మంచం పట్టింది. ఎనభై దాటిన మనిషి, చిక్కి శల్యమైంది. పక్కింటావిడతో కబురు పెట్టింది: "నాకు జహీదానే చేయించాలి. వేరేవాళ్ళు నన్ను ముట్టుకోవద్దు. దాని చెయ్యి బాగయ్యేదాకా నేను ఆగుతానని చెప్పు."

ఆ కబురు జహీదాకు చేరింది. కూతురికి ఎలాగూ చెయ్యలేదు, తల్లికైనా చెయ్యకపోతే తన బతుకెందుకు? "ఎక్కడికైనా తీసుకెళ్ళవే, ఈ చెయ్యి తెరిపించవే" అని ఫౌజియాను పట్టుకుని ఏడ్చింది.

అలా గుడివాడ వెళ్ళారు. అక్కడొక ఫిజియోథెరపీ సెంటర్లో, మెదడులోని ఆలోచనను పట్టుకుని చేతిని కదిలించే మెషీన్ పెట్టారని విన్నారు. ఆ మెషీన్ చూసే అమ్మాయి జెనిఫర్. బంటుమిల్లి పిల్ల, నోట్లో మాట ఆగదు. జహీదా తలకు తీగల టోపీ పెట్టి, కుడిచేతికి మోటారున్న గ్లవుజు తొడిగింది. గ్లవుజు తొడుగుతుంటే జహీదా చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. గుసుల్‌కు తను గుడ్డసంచి తొడుక్కునేది. తనకు ఎవరో తొడగడం ఇదే మొదలు.

"మీ చేతిలో లోపమేం లేదాంటీ. మెదడు నుంచి చేతికి వెళ్ళే దారి తెగింది, అంతే. చెయ్యి తెరవాలని మీరు గట్టిగా అనుకోండి. టోపీ అది పసిగట్టి గ్లవుజుకు చెప్తుంది, గ్లవుజు వేళ్ళు తెరుస్తుంది. అలా జరగ్గా జరగ్గా మెదడు కొత్తదారి వేసుకుంటుంది. అందరికీ వస్తుందని మాత్రం చెప్పలేనండీ. పన్నెండుసార్లలో ఒక్కసారీ గ్లవుజు కదలకపోతే మెషీన్ ఇంకొకరికి ఇచ్చేస్తాం. చాలామంది ఎదురుచూస్తున్నారు."

"ఈ టోపీకి లోపలున్నదంతా తెలిసిపోతుందా అమ్మా?" అంది జహీదా.

"అంత సీన్ లేదాంటీ!" అని జెనిఫర్ పకపకా నవ్వింది.

వారానికి మూడుసార్లు పాసింజరు రైల్లో తల్లీకూతుళ్ళ ప్రయాణం. ఒడిలో ఆ చెయ్యి పరాయి సామానులా పడి ఉండేది. తెర మీద చెయ్యి బొమ్మ వెలిగినప్పుడల్లా జహీదా కళ్ళు మూసుకుని పళ్ళు బిగించేది. గ్లవుజు ఉలకలేదు, పలకలేదు. ఐదు అయ్యాయి, ఎనిమిది అయ్యాయి, పది అయ్యాయి. ఒకరోజు తిరుగు రైలు పెడన దాటుతుండగా కర్పూరం వాసన గుప్పుమంది. పెట్టెలో ఎవరి దగ్గరా కర్పూరం లేదు. పిడికిలి బిగిసి, దూది దాటి గోళ్ళు దిగి నెత్తురు వచ్చింది. చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

పదకొండోసారి జెనిఫర్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆంటీ, నిజం చెప్పండి. చెయ్యి తెరవమన్నప్పుడు మీరు లోపల ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నానమ్మా."

"ఏం చూస్తున్నారు?"

"చేతిని. బల్ల మీద పెట్టి ఉంటుంది. నేను పక్కన నిలబడి, వదులు తల్లీ, వదులు తల్లీ అంటుంటాను."

జెనిఫర్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఫౌజియా తల్లి చేసే పనేమిటో చెప్పాక పాపం ఆ పిల్ల ముఖం పాలిపోయింది. లేచి మంచినీళ్ళు తాగి వచ్చింది.

"ఆంటీ, అక్కడే వస్తోంది తేడా. అలవాటుకొద్దీ మీ చేతిని మీరే పక్కన నిలబడి చూస్తున్నారు. చూస్తే ఈ మెషీన్‌కు అందదు. బయటి నుంచి చూడకండి. ఆ చేతిలోకి వెళ్ళండి. అది మీదైనట్టు, మీరే లోపలి నుంచి తెరుస్తున్నట్టు అనుకోండి."

"బల్ల మీదున్న చేతిలోకా?" అంది జహీదా.

జెనిఫర్ తల ఊపింది. పన్నెండోది బుధవారం పెట్టుకున్నారు. మధ్యలో రెండు రోజులు జహీదా అన్నం సరిగా తినలేదు. ముప్ఫై ఏళ్ళు బల్ల పక్కన నిలబడ్డ మనిషి ఆమె. బల్ల మీద పడుకోవడం ఎలా ఉంటుందో ఎన్నడూ తలుచుకోలేదు. తలుచుకుంటే ఆ పని చెయ్యగలిగేది కాదు కూడా.

బుధవారం టోపీ పెట్టారు, గ్లవుజు తొడిగారు. తెర మీద బొమ్మ వెలిగింది. జహీదా కళ్ళు మూసుకుంది.

వీపు కింద బల్ల చల్లగా తగిలింది. పైన రేకుల కప్పు కనబడింది. అది మెహజబీన్ ఇల్లు. కుడిచేతి పిడికిలి బిగిసి ఉంది, నొప్పిగా ఉంది. నీళ్ళు కాగే చప్పుడు లేదు, రేగాకు వాసన లేదు. వీధిలో చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించి ఎదురుచూస్తోంది. జహీదా వస్తుంది. వచ్చి బొటనవేలు పెడుతుంది, ఆ మాట అంటుంది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. ఇక రాదని అక్కడ, ఆ బల్ల మీద పడుకుని, జహీదాకు తెలిసింది. ఎంత భయం వేసిందో! నువ్వు రావులే, నేనే విప్పుకుంటాను అనుకుని, ఉన్న శక్తినంతా ఆ వేళ్ళలోకి తెచ్చుకుంది.

గ్లవుజు గుర్రుమంది.

"ప్రభువా! ఆంటీ, చూడండి, చూడండి!" అని జెనిఫర్ కేక పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటే లేచాయి. అరచేయి తెల్లగా, నానిపోయి, గోటి గాట్లతో బయటపడింది. ఇన్నాళ్ళూ లోపలి నుంచి పట్టుకున్నదెవరో అని జహీదా ఆత్రంగా అందులోకి చూసింది. ఏమీ లేదు. అది చూసి బావురుమంది. ఫౌజియా సంతోషమనుకుని వాటేసుకుంది.

ఆ సాయంత్రం బందరులో రైలు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఖాసింబీ మంచం దగ్గరికి వెళ్ళింది జహీదా. ఆమెను చిన్నప్పటి నుంచి ఖాలా అనే పిలుస్తుంది, పిన్ని వరస.

"ఖాలా, ఆ రోజు నేను గూడూరులో లేను. ఇంట్లోనే ఉన్నాను" అంది.

"తెలుసే" అంది ఖాసింబీ కళ్ళు తెరవకుండానే. "బయట తాళం ఉంది. లోపల నీ కుక్కరు కూత వేసింది."

నాలుగేళ్ళు! నాలుగేళ్ళుగా ఈ ముసలామె పండగకు సేమ్యా గిన్నె పంపుతూనే ఉంది.

"తెలిసీ నన్నే ఎందుకు అడిగావు ఖాలా?"

"వేరేవాళ్ళు చేస్తే, పైన నా కూతురు అడుగుతుంది, జహీదా నీ దగ్గరికీ రాలేదా అని. నేనేం చెప్పను?" కళ్ళు తెరిచి, "చెయ్యి ఏది, చూపించు" అంది. ముడుచుకుపోయిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

మెషీన్ గడువు ఇంకో ఆరు వారాలు పొడిగించారు. జహీదా ప్రతిసారీ ఆ బల్ల ఎక్కేది. వేరే దారి లేదామెకు. జెనిఫర్ పూల గురించి అనుకోమంది, మనవడిని ఎత్తుకుంటున్నట్టు అనుకోమంది. దేనికీ గ్లవుజు కదల్లేదు. ఆ రేకుల ఇంటికి వెళ్ళి, పడుకుని, ఎవరూ రారని తెలుసుకున్నాకే చెయ్యి తెరుచుకునేది. అలా వెళ్ళగా వెళ్ళగా, మెషీన్ లేకుండానే బొటనవేలు, చూపుడువేలు లేవడం మొదలైంది. మిగతా మూడూ ఇప్పటికీ మొండికేస్తూనే ఉన్నాయి.

ఆరో వారం శుక్రవారం పొద్దున ఖాసింబీ పోయింది. ఆగుతానన్న మాట నిలబెట్టుకునే పోయింది మహాతల్లి.

రేగాకు నీళ్ళు ఫౌజియా పోసింది. ఒళ్ళు తిప్పడానికి పేటలో ఆడవాళ్ళు ఇద్దరు సాయం పట్టారు. జహీదా బల్లకు కుడిపక్కన నిలబడింది. ఖాసింబీ కుడి పిడికిలి బిగిసి ఉంది. జహీదా చెయ్యీ బిగిసే ఉంది. నీళ్ళు చల్లారిపోతున్నాయి, ఆడవాళ్ళు ముఖాలు చూసుకుంటున్నారు. జహీదా కళ్ళు మూసుకుని ఆ రేకుల కప్పు కిందికి వెళ్ళింది, పడుకుంది, వీధిలోకి చెవి పెట్టింది. ఈసారి చెప్పుల చప్పుడు వినిపించింది. అవి తన చెప్పులే.

బొటనవేలు లేచింది. దాన్ని మెల్లగా ముసలామె అరచేతిలోకి దూర్చింది. ఎప్పుడూ అనే ఆ మాట నోటికి రాలేదు.

"ఖాలా, జహీదాని. వచ్చాను" అంది.