పల్లి చేలో పదకొండు నమస్కారాలు

నాలుగు నెలలు కష్టపడి పండించిన పల్లి పంటను, చేతిలో ఒక కెమెరా తప్ప మరే ఆయుధమూ లేకుండా, ఒక్క మధ్యాహ్నంలో భూమిలోనే సమాధి చేయబోయిన ఘనుడి కోసం మీరు వెతుకుతుంటే ఇక ఆపేయండి, దొరికాడు. ముందే చెబుతున్నాను, ఇందులో దయ్యం ఉంది. భయస్తులు పగటిపూట చదువుకోండి. అయితే అది వచ్చింది కూడా పగటిపూటే, కాబట్టి ఆ జాగ్రత్త వల్ల పెద్ద లాభం లేదు.

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో. నేను వనపర్తిలో డిగ్రీ పూర్తి చేసి, అంటే పరీక్షల వరకు పూర్తి చేసి, ఫలితాల గురించి ఎవరూ అడగని చోట్లు వెతుక్కుంటూ తిరుగుతున్నాను. నెట్ సెంటర్‌లో ఎవరో తెల్లాయన అడవిలో నడుస్తూ తన ముఖం తానే వీడియో తీసుకుంటూ లోకంతో కబుర్లు చెప్పడం చూశాను. దానికి చదువు అక్కర్లేదని అర్థమైంది. నా జీవితానికి దారి దొరికిందనుకున్నాను.

గద్వాలలో మా అక్క మొగుడికి ఫొటో స్టూడియో ఉండేది. పెండ్లిళ్ల కోసమని బావ అప్పుడే కొత్త హెచ్‌డీ కెమెరా కొన్నాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. పక్కకు తెరుచుకునే చిన్న తెర.

"బామ్మర్దీ, దీన్ని ఎండల, గాలిల జర నడిపి చూడు. ఆదివారం పెండ్లి ఉన్నది, ఆడ మొండికేస్తే నా ఇజ్జత్ పోతది" అన్నాడు బావ.

"తెర మీద గీ తెల్ల చదరం ఏంది బావా?"

"గది మనిషి మొహాన్ని పట్టుకుంటది. మొహం కనపడ్డకాడ చదరం గీస్తది. మొహం లేనికాడ గియ్యది."

ఈ చివరి మాట బావ అనకుండా ఉండాల్సింది.

కెమెరా పట్టుకుని గోపాల్‌పేట పక్కన మా పెద్దనాయన ఊరికి వెళ్లాను. బుచ్చన్న అంటే ఆ ఊళ్లో అందరికీ తెలుసు. గుట్ట కింద పొలం కౌలుకు తీసుకుని పల్లి వేశాడు. పల్లి పీకాలంటే నేల మెత్తగా ఉండాలి. ముందురోజే నీళ్లు పారించాడు. ఆ పదును రెండు రోజులే ఉంటుంది. ఆరిందా, మొక్క పైకొస్తుంది, కాయ లోపలే ఉండిపోతుంది. మర్నాడు పొద్దున్నే ఎంకటమ్మ గుంపు వస్తుందని మాటయింది. ఎంకటమ్మ అంటే ఆ చుట్టుపక్కల ఆడకూలీలకు పెద్ద. ఆమె సరేనంటే ముప్పై మంది కదులుతారు, వద్దంటే ముప్పై మంది కూర్చుంటారు.

"నువ్వు చేనుకాడ ఏం జేస్తవురా?" అన్నాడు పెద్దనాయన.

"గుట్టకాడ కెమెరా టెస్ట్ జేస్త."

"చేను తొక్కకు" అన్నాడు. ఆయనకు నా మీద ఉన్న ఆశలన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నానికి గుట్ట కిందికి చేరాను. ఏనుగంత గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మధ్యలో లేచి వెళ్లినట్టు ఉన్నాయి. శివరాత్రి దాటిన ఎండ. నీడలన్నీ గుండ్ల కిందికే దూరిపోయాయి. ఒక్క పిట్ట అరవడం లేదు. నా చెప్పుల చప్పుడు గుండ్లకు తగిలి కొంచెం ఆలస్యంగా తిరిగొస్తోంది. నా వెనక నాకంటే నిదానస్తుడు ఎవరో నడుస్తున్నట్టు.

ఎండకు తెర కనపడక తువ్వాలు నెత్తి మీంచి కెమెరా దాకా గుడారంలా కప్పుకున్నాను. చెయ్యి ముందుకు చాచి మొదలుపెట్టాను. "నమస్కారం మిత్రులారా." బాగా రాలేదు. గొంతు తగ్గించి మళ్లీ. "నమస్కారం మిత్రులారా." ఈసారి వార్తలు చదివినట్టుంది. నవ్వుతూ ఒకసారి, వెనక్కి నడుస్తూ ఒకసారి, కెమెరా పట్టుకున్న చేతి మీదే చప్పట్లు కొట్టి ఒకసారి. మొత్తం పదకొండు సార్లు. తెర మీద నా ముఖం, దాని చుట్టూ విధేయంగా తెల్ల చదరం.

పదకొండోసారి రెండో చదరం వచ్చింది.

నా ఎడమ భుజం వెనక, రెండు గుండ్ల మధ్య చీకట్లో. గోరంత చదరం. నేను కదిలాను, నా చదరం నాతో కదిలింది. అది కదలలేదు. తువ్వాలు తీసి వెనక్కి తిరిగి చూశాను. రాయి. చీకటి. ఎవరూ లేరు. మళ్లీ తెరలో చూశాను. ఉంది. నిలకడగా, తీరిగ్గా, నన్నే చూస్తున్నట్టు. మొహం లేనికాడ గియ్యదు అన్న బావ మాట చెవిలో వినిపించింది.

అప్పుడు గాలి లేచింది. గాలితో పాటు ఒక మూలుగు. "ఊఁ..." అని సన్నగా మొదలై, చేను అంచు పొడుగునా నడిచి, నా చుట్టూ తిరిగి ఆగింది. చెవిలో కాదు, పళ్లలో వినిపించింది. తెరలో రెండో చదరం ఒకసారి వెలిగి ఆరిపోయింది.

ఇలాంటి సమయాల్లో ధైర్యవంతులు ఏం చేస్తారో నాకు తెలియదు, అక్కడ వాళ్లెవరూ లేరు. నేను మాత్రం పల్లి చేను మధ్యలోంచి, అడ్డంగా, మొక్కలు తొక్కుకుంటూ పరుగెత్తాను. కెమెరా ఆపడం మరిచిపోయాను. బావకు కావలసిన 'నడిపి చూడటం' ఆ పరుగులో సంపూర్ణంగా జరిగింది.

సాయంత్రం ఆ కెమెరాను పెద్దనాయన ఇంటి టీవీకి తగిలించాను. భయాన్ని నలుగురికి పంచితే తగ్గుతుందనుకున్నాను. అది తగ్గదు, నలుగురికీ నిండుగా వస్తుంది. పెద్దనాయన చూడలేదు, కరెంటు వచ్చిందని మోటారు దగ్గరికి పోయాడు. పెద్దమ్మ, పక్కింటి ఎల్లయ్య, రేపటి పని మాట్లాడదామని వచ్చిన ఎంకటమ్మ, ఇంకో పది మంది ఆడవాళ్లు కూర్చున్నారు.

చిత్రమేమంటే టీవీలో చదరం లేదు. అది కెమెరా తెర మీదే కనపడుతుందట, రికార్డు కాదట. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. "చదరం కూడా మాయమైంది" అన్నాను. గుండ్ల మధ్య చీకటి మాత్రం ఉంది. మూలుగు ఉంది, నేను సౌండు పూర్తిగా పెంచినందువల్ల అవసరానికి మించి ఉంది.

"మా అత్తనే" అంది పెద్దమ్మ మెల్లగా. "గట్లనే చూస్తది. నేను కూరల ఉప్పెక్కువ ఏసినప్పుడు."

"కాదు, నా ఎద్దు" అన్నాడు ఎల్లయ్య. "పోయినేడు ఆడనే పడి సచ్చింది."

"ఎద్దుకు చదరం వస్తదా?" అన్నాను నేను.

"మంచి ఎద్దు అది."

ఎంకటమ్మ టీవీ వైపు చూడట్లేదని నేను అప్పుడే గమనించాను. నీలం వెలుగులో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. వీడియో అయ్యేదాకా అలాగే చూసి, లేచి వెళ్లిపోయింది. ఆమె వెనక పది మంది.

పొద్దున ఒక్కరూ రాలేదు. పెద్దనాయన పొలం గట్టున, గెనుం మీద కూర్చుని, పిడికెడు మట్టి తీసి నలిపాడు. మట్టి ఇంకా ముద్దవుతోంది, కానీ అంచుల్లో పొడి రాలుతోంది.

"రేపటికి రాయి అయితది" అన్నాడు. "ఎంకటమ్మ తెలకపల్లికి పోతదట. ఆడ కూడ పల్లి పీకుడే. జీపు మాట్లాడుకున్నరు." నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

గాలి వీచింది. "ఊఁ..." నేను లేచి నిలబడ్డాను. "పెద్దనాయనా, ఇనపడ్తుందా? గదే."

ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. "గది నా రీలు గదరా. పందులు రాకుంట చేను సుట్టు పాత క్యాసెట్ల రీలు కట్టిన. గాలికి మొత్తుకుంటది."

చేను అంచున గోధుమ రంగు రీలు పుల్ల నుంచి పుల్లకు సాగి, ఎండలో మెరుస్తూ వణుకుతోంది. సగం దయ్యం చచ్చింది. ఆ వార్త మోసుకుని నేను ఎంకటమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె సద్ది కట్టుకుంటోంది, జీపు వాకిట్లో ఉంది.

"అక్కా, మూలుగు కాదు, గది రీలు."

"నాకెర్కనే" అంది. "ఊరందరికెర్క."

"మరి గుండ్ల నడుమ మొహం..."

"గది నేనే."

ఆ గుండ్లలో నీకేం పని అని అడిగాను.

"ఎంతమందిని తేవాల్నో లెక్క జూడొద్దా? కాయ ఎట్లూరిందో నాలుగు మొక్కలు పీకి చూసిన. ఎండకు గుండ్ల నీడల కూసున్న. నువ్వు నా దిక్కు తిరిగితె లోపటికి జరిగిన."

"నన్ను చూసి ఎందుకు దాసుకున్నవ్ అక్కా?"

"దాసుకోకుంట ఏం జెయ్యాలె?" అంది ఎంకటమ్మ, ఒక అడుగు వెనక్కి వేసి. "నెత్తిన గుడ్డ గప్పుకున్నవ్. చెయ్యి చాపినవ్. మనిషి లేడు, దేవుడు లేడు, పదకొండు సార్లు దండం బెట్టినవ్. ఒకపారి నవ్వినవ్, ఒకపారి గొంతు మార్చినవ్, చప్పట్లు గొట్టినవ్, ఎనుకకు నడిచినవ్. ఆఖర్ల అరుసుకుంట చేన్ల వడి ఉరికినవ్. బిడ్డా, గుట్ట మీద దయ్యం లేదు. మిట్టమధ్యాహ్నం నిన్ను పట్టింది. నువ్వున్న చేన్లకు నా ఆడోళ్లను ఎట్ల తోల్కొస్త?"

లోకంతో కబుర్లు చెప్పే నా మొదటి ప్రసారానికి ఒక్కరే ప్రేక్షకురాలు. ఆమె సమీక్ష ఇది.

వీడియో బ్లాగు అంటే ఏమిటో వివరించాను. ఎంత వివరిస్తే జీపులో ఆడవాళ్లు అంత దగ్గరగా ఒదిగి కూర్చున్నారు. వెనకే వచ్చిన పెద్దనాయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"నీకు పట్టిన దయ్యాన్ని దిగదీస్తె వస్తరట. ఒప్పుకోరా."

"నాకేం పట్టలేదు పెద్దనాయనా."

"తెల్సు. ఒప్పుకో. పదును పోతది."

ఏ పూనకం చూసినా "పూనకంల చెప్పులు ఇడుసుడు ఎట్ల యాదికొచ్చిందమ్మా" అని అడిగి తన్నులు తిన్న చరిత్ర నాది. అలాంటి నన్ను గెనుం మీద కూర్చోబెట్టారు. నిమ్మకాయ, ఉప్పు, ఎండు మిరపకాయలు. ఎంకటమ్మ చేతిలో వేపమండ. చుట్టూ ముప్పై మంది. రీలు మూలుగుతోంది.

"ఎవలు నువ్వు?" అంది ఎంకటమ్మ. ఆ గొంతు వింటే నాకే అనుమానం వచ్చింది, లోపల ఎవరైనా ఉన్నారేమోనని.

"బుచ్చన్న తమ్ముని కొడుకును."

వేపమండ వీపు మీద పడింది. "పిలగాన్ని గాదు, లోపలున్నోన్ని అడుగుతున్న. ఎందుకు పట్టినవ్?"

"కెమెరా టెస్ట్ జేయనీకి."

రెండు దెబ్బలు. పెద్దనాయన నా వైపు చూడకుండా, కాలి కింది మట్టిని బొటనవేలితో గీస్తున్నాడు. పొడి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఆకలై పట్టిన" అన్నాను, గొంతు మార్చి. నిన్నటి పదకొండు సార్ల సాధన ఇక్కడ పనికొచ్చింది.

ముప్పై మంది ఒక్కసారి ఊపిరి పీల్చారు.

"పోతవా, పోవా?"

"పోత."

"ఏడికి పోతవ్?"

దీనికి నేను సిద్ధపడలేదు. తోచింది చెప్పాను. "గద్వాలకు."

"ఎట్ల పోతవ్?"

"బస్సుల."

ఎంకటమ్మ నిమ్మకాయను అవతలికి విసిరి, కొంగు నడుముకు దోపి, వంగి మొదటి మొక్క పీకింది. గుత్తిగా కాయ వచ్చింది, ఒక్కటి కూడా లోపల ఉండలేదు. ముప్పై మందీ వంగారు. నన్ను కూడా మధ్యలో పెట్టుకుని పీకించారు, మాట్లాడనివ్వలేదు. పొద్దు వాలేసరికి చేను ఖాళీ అయింది. పెద్దనాయన ఆఖరి కుప్ప దగ్గర నిలబడి, "దయ్యం మంచిదే ఉండె" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

కెమెరా బాగా పనిచేస్తుందని చెప్పి మర్నాడు బావకు ఇచ్చేశాను, గద్వాలకు ఎవరు బయల్దేరారో మాత్రం చెప్పలేదు.

కాబట్టి పాఠకులారా, తూర్పుకు తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. జనసంచారం లేని చోట నేను ఇక నోరు విప్పను. నవ్వను, దండం పెట్టను. ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గు వచ్చినా సరే, ఊళ్లోకి నడిచి వెళ్లి, ఇద్దరు సాక్షుల మధ్య నిలబడి, అప్పుడు దగ్గుతాను.