పొనికి చేపల మీద గుంతలు

దశరథానికి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో ముప్పై రెండేళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి వెళ్లి, ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వినాలి. గట్టిగా మోగితే సరే. బోలుగా పలికిందా, పైవాళ్లు గుడ్లురిమినా సరే, కింద కట్టె నిలబెట్టేదాకా ఒక్కణ్ని కూడా అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. అలా ఎందరి ప్రాణాలు కాపాడాడో లెక్కలేదు. చిక్కంతా రిటైరయ్యాకే వచ్చింది. తట్టి చూడటానికి పైకప్పు లేకపోయేసరికి మనుషుల్ని తట్టి చూడటం మొదలుపెట్టాడు. పాలవాడు తన చెంబులోనే నీళ్లు ఎక్కువ పోస్తున్నాడట. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు మీటరు జోరుగా తిరుగుతోందట. పక్కింటి హనుమండ్లు జామకొమ్మను రోజుకో జానెడు తన గోడవైపు లాక్కుంటున్నాడట. ఇవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం భార్య రాజక్కకు అలవాటైపోయింది.

ఆ మనిషిని కాస్త కుదురుగా కూర్చోబెట్టింది చేపలే. నిజం చేపలు కాదు, కట్టె చేపలు. గోదావరిలో కొర్రమట్ట కోసం గాలం వేసేవాళ్లు ఎరకు బదులు బొమ్మ చేపను కట్టి నీళ్లలో లాగుతారు. అది బతికున్న చేపే అనుకుని కొర్రమట్ట మింగబోయి గాలానికి చిక్కుతుంది. నిర్మల్ బొమ్మలు చేసే తేలికపాటి పొనికి కట్టెతో వేలెడంత చేపను చెక్కడం దశరథం పని. దానికి పొలుసులూ కళ్లూ దిద్దడం చాంద్‌పాషా పని. ఆఖరున అద్దంలాంటి పూత పూసేది మళ్లీ దశరథమే.

చాంద్‌పాషా నస్పూర్ రోడ్డు మీద, చాయ్ హోటల్ పక్కనున్న రేకుల దుకాణంలో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయింది. స్టిక్కర్లు వచ్చి బండ్ల నంబర్లు రాసే పనీ పోయింది. ఇప్పుడతను కుంచె పట్టేది దాదాపు ఈ చేపల కోసమే. చాయ్ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ చేపను తీగతో ఎత్తి చూపించి, "గీ పొలుసు నాది" అని మురిసిపోయేవాడు. పనిమంతుడన్న పేరు అతనికి ఇంకా మిగిలి ఉందంటే ఆ చేపల వల్లే.

పూత పని చూడటానికి తేలిక, చేయడానికి గండం. ఎపాక్సీ రెండు సీసాల్లో వస్తుంది, ఒకటి జిగురు, ఒకటి దాన్ని గట్టిపరిచే మందు. రెండూ సమంగా కొలిచి నెమ్మదిగా కలపాలి. బుడగలు లేస్తే లైటర్ మంట చూపించి పగలగొట్టాలి. పూసిన చేపను పాత మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి పీకిన మోటారుకు తగిలించి గంటలకొద్దీ తిప్పాలి, లేకపోతే పూతంతా పొట్టకిందికి జారి గడ్డకడుతుంది. అన్నీ కుదిరితే మర్నాటికి చేప అప్పుడే నీళ్లలోంచి తీసినట్టు తళతళలాడుతుంది. మూడేళ్లుగా అలాగే తళతళలాడింది కూడా.

ఆషాఢంలో ఒకరోజు దశరథం వెళ్లేసరికి చాంద్‌పాషా దుకాణం ముందు ఎవరో కొత్త మనిషి బండి మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. దశరథాన్ని చూడగానే ఆ మనిషి బండి తీసి వెళ్లిపోయాడు. మెట్‌పల్లి ఆయనని మాత్రం తెలిసింది. అంతే, దశరథం బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. తనను చూసి ఎందుకు లేచిపోయాడు? చాంద్‌పాషా తన చేపల్ని పాడుచేసి, అతనితో కలిసి వేరే దుకాణం పెట్టాలనుకుంటున్నాడా? అంతకుముందు రంగు వేసిన చేపల్ని తీగ పట్టుకుని తెచ్చి నేరుగా పూత పూసేసేవాడు. ఆ రోజు నుంచి ఒక్కో చేపనూ అరచేతిలో పెట్టుకుని, పొలుసు తగ్గిందా, రంగు పలచబడిందా అని బొటనవేలితో ఒకటికి పదిసార్లు తడిమి చూడసాగాడు. చాంద్‌పాషా అదంతా చూస్తూనే ఉన్నాడు.

ఆ వారమే పూతకు అమ్మవారు పోసింది. మెరుపు నిండా ఆవగింజంత గుంతలు. ఆ గుంతల్లోంచి నీళ్లు దిగితే కట్టె ఉబ్బి చేప పగిలిపోతుంది. వరసగా ఆరు చేపలు పాడయ్యాయి. దశరథం సీసాలను అనుమానించాడు, వానను అనుమానించాడు, రాజక్క పెట్టే పోపు పొగను అనుమానించాడు. చివరికి పరీక్ష పెట్టాడు. రంగు వేయని చేప ఒకదాన్ని సాండ్‌పేపరుతో రుద్ది, కొక్కెం పట్టుకుని పూత పూశాడు. మర్నాడు చూస్తే ఒక్క గుంత లేదు. ఇంకేం కావాలి? దోషం రంగులోనే ఉందని తేలిపోయింది.

ఒంటికాలి మీద హోటల్ దగ్గరికి వెళ్లాడు. నలుగురూ చాయ్ తాగుతున్నారు.

"చాంద్‌భాయ్, రంగుల ఏం కలుపుతున్నవ్?"

"ఏం కలుపుతనన్నా? రంగే."

"నాకు ఎరుకలేదనుకున్నవా? గా మెట్‌పల్లోడు ఎందుకొచ్చిండు? నా చేపలు ఖరాబైతే నీకేం ఫాయిదా?"

చాంద్‌పాషా మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "కొడుకు పెండ్లికి గోడమీద పేర్లు రాయమని వచ్చిండన్నా. ఫ్లెక్సీ వద్దు, నీ చేతి రాతే కావాలన్నడు. గందుకే నవ్విన" అన్నాడు. లోపలికి వెళ్లి, మిగిలిన చేపల్ని కాగితంలో చుట్టి తెచ్చి దశరథం చేతిలో పెట్టాడు. "ఇగ నా దగ్గరికి తేకు."

దశరథం ఆ మాట నమ్మలేదు. దొరికిపోయాడు కాబట్టి కథ అల్లాడనుకున్నాడు. రంగు డబ్బాలు తెచ్చుకుని తనే చేపలకు రంగు వేసుకున్నాడు. ఆరాక ఒక్కోదాన్నీ తడిమి చూసుకుని పూత పూశాడు. మర్నాడు మళ్లీ గుంతలే. తల పట్టుకుని కూర్చుంటే రాజక్క కొబ్బరినూనె సీసా తెచ్చి ఎదురుగా పెట్టింది.

"ఏమయ్యా, ఊకె అందర్ని అనుడే గని గీ సీసాను అననే అనవు! బాయిల బొగ్గు అంటకుండ మూతికి చేతులకు నూనె రాసుకుంటుంటివి. బాయికి పోవుడు బందై మూడేండ్లాయె, నూనె మాత్రం బందు కాలే. గా జిడ్డు చేతులతోనే చేపను పిసుకుతవ్. ఇగ పూతెట్ల అంటుతది?"

దశరథం స్టీలు కంచం మీద బొటనవేలు అదిమాడు. జిడ్డు ముద్ర చక్కగా పడింది. పూత ఆ ముద్ర దగ్గరికి వచ్చి వెనక్కి జరిగిపోయేది, గుంత మిగిలేది. రంగు లేని చేపను సాండ్‌పేపరు శుభ్రం చేసింది, పైగా దాన్ని అతను తడమలేదు. తడమడం మొదలైంది చాంద్‌పాషాను అనుమానించిన రోజునుంచే. అంటే ఆ గుంతలన్నీ పొడిచింది తన వేలే.

మర్నాడు అదే హోటల్ ముందు నిలబడి, అందరూ వినేలా అన్నాడు. "తప్పు నాది. నా చేతుల నూనెది. చాంద్‌భాయ్ రంగుల ఏం లేదు." పెళ్లినాటి నుంచి రాజక్క ముందు కూడా అతను తప్పు ఒప్పుకున్న మనిషి కాదు.

"నాకు ఎరుకే" అన్నాడు చాంద్‌పాషా.

"మరి చెప్పలేవేంది?"

"చెప్తే నమ్ముదువా? నీ చేతులకు నూనె గూడ నేనే పూసిన అందువు."

దశరథం జేబులోంచి రంగు వేయని కొత్త చేపను తీసి బల్లమీద పెట్టాడు. చాంద్‌పాషా చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఆఖరికి, రేపు రమ్మన్నాడు.

మర్నాడు రంగు వేసిన చేపను తీగతో పట్టుకుని అందించాడు. "చూసుకుంటవా?"

"వద్దు" అన్నాడు దశరథం. చూడాలని ప్రాణం పీకుతోంది. అయినా కళ్లు తిప్పుకుని ఇంటికి తెచ్చాడు. సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగాడు, పూత కలిపాడు, చేపను మోటారుకు తగిలించాడు. అది తిరిగి రెండో వైపు చూపించింది. ఆ వైపు కన్ను లేదు.

మరిచాడా? కావాలనే వదిలేశాడా? అందరిలో పరువు తీసినందుకు పగ తీర్చుకున్నాడా? ఉన్నపళాన పరిగెత్తి వెళ్లి నిలదీయాలనిపించింది. గిన్నెలో పూత వేడెక్కుతోంది. అరగంట దాటితే బిగుసుకుపోతుంది. దశరథం పళ్లు బిగబట్టి కుంచె ముంచాడు. కన్ను లేని చేపకు అలాగే పూత పూసేశాడు.

తెల్లారి చాంద్‌పాషా దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్క గుంత లేదు.

"గీ దిక్కు కన్ను లేదు. ఎందుకడుగుతలేవు?"

"నువ్వు పెట్టలేదంటే ఏదో ఉంటదనుకున్న."

"ఉన్నది. కన్ను లేకుంటే మల్ల నా మీదికి లొల్లికి వస్తవో రావోనని రాత్రంత అనుమానపడ్డ." చాంద్‌పాషా సన్న కుంచె తీసి నల్లరంగులో ముంచాడు. "ఇన్నేండ్ల దోస్తానల నేను నిన్ను అనుమానించుడు గిదే మొదటిసారి. అనుమానిస్తే నీకెట్లున్నదన్నా?"



"మంచిగ లేదు, చాంద్‌భాయ్."

చాంద్‌పాషా మెరుపు మీదే కన్ను దిద్దాడు. అది ఆరేదాకా కూర్చోమని బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.