నలభయ్యో ఈగ

ఆవిడ పిరికితనం వీధంతటికీ తెలుసు. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూస్తుంది, గ్యాసు కట్టేశానో లేదోనని బస్టాపు నుంచి వెనక్కి వస్తుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఈగలు పెంచడం. నల్లజ్వరానికి టీకా తయారుచేసే చోట, ఆవగింజంత ఇసుక ఈగలకు ఆ రోగం ఎక్కించి, టీకా వేసిన ఎలుకలను వాటిచేత కుట్టిస్తారు. పని అయ్యాక మోటారు గొట్టంతో ఈగలను ఒక్కొక్కటిగా పీల్చి, లెక్క సరిపోయాకే ఆవిడ గది తలుపు తీయాలి.

మొన్న బుధవారం నలభైకి ముప్పైతొమ్మిదే తేలాయి. మళ్లీ లెక్కపెట్టినా ముప్పైతొమ్మిదే. ఆవిడకు వీపంతా చెమట పట్టింది. అద్దం అవతల నుంచి తోటి ఉద్యోగిని నవ్వింది. "రా అక్కా, బస్సు పోతోంది. ఎక్కడో చచ్చి పడుంటుందిలే."

"చచ్చిందని నువ్వు చూశావా? నేను తలుపు తీయను."

గోడలు, మూలలు, బల్ల అడుగు వెతికింది. ఎక్కడా కనబడకపోయేసరికి, ఎడమచేతి తొడుగు ఊడదీసి, చొక్కా మోచేతిదాకా మడిచి, చెయ్యి చాచి కూర్చుంది.

"అక్కా, పిచ్చిగానీ పట్టిందా నీకు?"

"మెల్లగా మాట్లాడు. ఆకలి మీదుంటే అదే వస్తుంది."

పావుగంటకు అది మణికట్టు మీద వాలింది. ఆవిడ ఊపిరి బిగబట్టి గొట్టం ఆనించింది. పుస్తకంలో నలభై అని రాసి, దాని కిందే 'నా చేతి మీద వాలింది' అని కూడా రాసి, అప్పుడు తలుపు తీసింది.

"డాక్టరుగారిని పిలువమ్మా, నాకు కాళ్లు ఆడట్లేదు" అంటూ గడప మీదే కూలబడింది.