చీనీ తోటలో నలభై ఏడో నంబరు

ఆ రోజుల్లో భయపడటానికి నాకు చిన్న కారణం చాలు. అవమానం గుర్తుపెట్టుకోవడానికి అదీ అక్కర్లేదు. అనంతపురంలో బోరు మోటార్లకు ఆటోమేటిక్ పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. కరెంటు రాగానే మోటారు వేయడం, బోరులో నీళ్లు అయిపోతే అది కాలిపోకముందే ఆపడం ఆ పెట్టె పని. లోపల ఒక చిన్న కంప్యూటరు, దాన్ని నడిపే మూల ప్రోగ్రాము కెర్నల్. మోటారును ఆపే ప్రోగ్రాము మా సీనియరన్న రాసింది. (నేను చేరిన రోజు అందరికీ టీ చెప్పి నన్ను మరిచిపోయిన మనిషి. నేను మరువలేదు.)

పెట్టెలోని ఏ పరికరమైనా ప్రాసెసర్‌ను పని మధ్యలో ఆపి పిలిస్తే దాన్ని ఇంటరప్ట్ అంటారు. పిలిచింది ఎవరో తెలియడానికి ఒక్కోదానికి ఒక నంబరు. ఆ నంబర్లు పంచేది కెర్నల్. పద్ధతిగా దాన్నే అడిగి తీసుకోవాలి. సీనియరన్న అడగలేదు. కళ్యాణదుర్గం బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, నీటి సెన్సారుకు నలభై ఏడు అని రాసిపడేశాడు. ఆ సీట్లో ఇంకెవరు కూర్చున్నా సర్దుకుంటామని కూడా రాశాడు, కెర్నల్ గొడవ చేయకుండా. "బోర్డు మారితే నంబర్లు మారతాయన్నా, కొంప మునుగుతుంది" అని నేను చెబుతూనే ఉన్నాను. "నీవు రాసేది తక్కువ, పేర్లు పెట్టేది ఎక్కువప్పా" అన్నాడు, అందరి ముందూ.

కొత్త పెట్టెల్లో బోర్డు మారింది. కంబదూరు దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉన్న ఒక అవ్వ ఆఫీసుకు ఫోన్ చేసింది: "ఫోను మోగితే మా మోటారు నిలబడిపోతాండాది." ఆఫీసంతా నవ్వింది. "పేర్లు పెట్టేటోన్నే పంపండి" అన్నాడు సీనియరన్న.

తోట గట్టు మీద ఒక గంప, అందులో రెండు మూడు ఫోన్లు. "నీది గూడా ఈడ పెట్టి రాప్పా" అంది అవ్వ. "మా అల్లునిది గూడా గుంజి పెట్టినా. అయినా నిలబడతానే ఉండాది."

మోటారు షెడ్డులో లాప్‌టాప్ తగిలించి కెర్నల్ పంచిన నంబర్లు చూశాను. నలభై ఏడు ఇప్పుడు పెట్టె లోపల, రైతుకు కబురు పంపే సిమ్ము పరికరానిది. దానికి కాల్ వచ్చినా, అందరి ఫోన్లకూ ఒకేసారి వచ్చే రీచార్జి ఆఫర్ మెసేజ్ వచ్చినా, నీళ్లు అయిపోయాయనుకుని మా ప్రోగ్రాము మోటారు ఆపేస్తోంది. నేనే గెలిచానని సంతోషించబోయి చల్లబడిపోయాను. నీటి సెన్సారుకు వేరే నంబరు వచ్చింది. దాని పిలుపు వినే దిక్కే లేదు. అంటే నిజంగా నీళ్లు అయిపోతే మోటారు ఆగదు. ఇన్నాళ్లూ దాన్ని కాలకుండా కాపాడింది రీచార్జి ఆఫర్లే!

"అవ్వా, ఇది ఎప్పుడైనా కాలిందా?"

"పోయిన ఎండాకాలం కాలింది. రిపేరు చేయించేలోగా ఆ వరస చెట్లన్నీ ఎండిపోయినాయి. అందుకే గదా మీ పెట్టె తెచ్చుకుంది? ఈసారి కాల్తే తోటే ఉండదు. సరిచేసేదాకా నువ్వు యాడికీ పోవు" అంటూ కొడవలి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. (గడ్డి కోసే కొడవలే. అప్పుడు నాకలా అనిపించలేదు.)

గంప దగ్గరికెళ్లి సీనియరన్నకు ఫోన్ చేశాను. "అన్నా, ఆ నంబరు తీసేసి కెర్నల్‌ను అడిగేట్టు రాస్తా." "నా కోడ్ ముట్టుకుంటే ఆడ్నుంచి అట్లే ఇంటికి పో" అన్నాడు. అటు ఉద్యోగం, ఇటు కొడవలి. ఫోన్ గంపలో పడేసి వచ్చి, మార్చేశాను.

కరెంటు వచ్చింది. మోటారు లేచింది. అవ్వ చేత పెట్టెలోని సిమ్ముకు ఫోన్ చేయించాను, మోటారు ఆగలేదు. ఆమె నవ్వింది, నేను మాత్రం పైపు వైపు తిరిగాను. ఇక దాన్ని ఆపడానికి ఆఫర్లు కూడా లేవు. చేతి లావున పడుతున్న నీళ్లు కాసేపటికి సన్నబడ్డాయి. పైపు గాలి కక్కింది. మోటారు గొంతు మారింది. సెన్సారు పిలుస్తుందా? పిలిస్తే వినబడుతుందా? ఆ క్షణంలోనే గంపలో నా ఫోన్ మోగింది. సీనియరన్నే.

"ఎత్తాకప్పా, ముట్టుకోవద్దు!" అని అవ్వ కేక.

టక్కుమని మోటారు ఆగిపోయింది. అవ్వ పైపును చూసింది, గంపను చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మీ ఆఫీసాయప్ప గట్టోడేనప్పా! నీళ్లు అయిపోయినేది అంత దూరం నుంచి కనుక్కొని, ఫోను చేసి నిలబెట్టినాడు సూడు!"

కాదని వాదించాలని నోరు తెరిచాను. కానీ షెడ్డు పక్కనే చతికిలబడ్డాను. ఆమె చీనీకాయ వలిచి చేతిలో పెట్టింది. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియక, మోటారు కాలని ఆ షెడ్డు గోడకు ఆనుకుని, ఒక్కో తొనా తింటున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. తాను చేసిన పనికి సీనియరన్నకు మెప్పు: జన్మకొక్కసారి దొరికే ఫిర్యాదు అది. ఆ ఫిర్యాదును నోటిదాకా తెచ్చుకుని కూడా, "శానా తియ్యగా ఉండాయి అవ్వా" అన్నాడు, వెర్రివాడు.