మైకు బాబాయి ఎత్తించిన చేతులు

మా బాబాయిని ఫ్యాక్టరీలో అందరూ మైకు అనేవారు. అది సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీ. ఫర్నేసు హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అలాంటి చోట ఆయన ఈ చివర నిలబడి "లైను ఆపండ్రా!" అని కేకేస్తే, ఆ చివర ప్యాకింగులో ఉన్న నేను ఉలిక్కిపడేదాన్ని. ఇంట్లోనూ అదే గొంతు. పిన్నిని మంచినీళ్లు అడిగితే పక్కింటావిడ తెచ్చిచ్చేదని మేం ఏడిపించేవాళ్లం.

ఆ గొంతుతోనే ఆయన కార్మికుల నాయకుడయ్యాడు. ఆయన పెట్టే మీటింగులకి ఒక పద్ధతి ఉంది. క్యాంటీను తలుపు దగ్గర ఖాళీ సీసాల క్రేటు పెట్టేవాడు. లోపలికొచ్చే ప్రతివాళ్లూ ఫోను ఆపేసి అందులో వెయ్యాలి. మాట్లాడేవాడి మొహంకేసి చూడాలి. చివర్లో చేతులెత్తాలి. అప్పుడు మేనేజరును తలుపు దగ్గరికి పిలిచి ఆ చేతులన్నీ చూపించేవాడు. వాటిని చూసి మేనేజరు నీళ్లు నమలడం నేను కళ్లారా చూశాను. మా ఉద్యోగాలు అంతకుముందు అలాగే నిలబడ్డాయి.

ఈసారి ముప్పు ఫర్నేసుకే వచ్చింది. హెడ్డాఫీసు నుంచి అందరి ఫోన్లకీ ఒక మెసేజి. ఆన్‌లైన్లో ప్రెజెంటేషన్ ఉంది, లింకు నొక్కి చేరండి, ప్రశ్నలుంటే చెయ్యి ఎత్తండి, చివర్లో ఓటు వెయ్యండి అని. తక్కువ జీతాలతో ఫర్నేసు నడపాలా, ఆర్పేసి అందరికీ పరిహారం పంచాలా అన్నది కంపెనీలో ఉద్యోగులంతా కలిసి తేల్చాలట. గాజు ఫర్నేసంటే సాయంత్రం ఆర్పి పొద్దున వెలిగించుకునే పొయ్యి కాదు. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. ఒకసారి చల్లారిందా, లోపల ఇటుకలు పగిలిపోతాయి, గాజు గడ్డకట్టుకుపోతుంది. మళ్లీ కొత్తది కట్టాల్సిందే. మాకు కట్టించేవాడెవడూ లేడు.

"చెయ్యి ఎత్తమన్నారు, ఓటు వెయ్యమన్నారు. మనకి తెలీని విద్యా ఇది?" అన్నాడు బాబాయి.

"ఎవరింట్లో వాళ్లు కూర్చుని చూడొచ్చంటన్నా," అన్నాడు ఫిట్టరు.

"ఎవడింట్లో వాడు కూర్చుంటే మనం ఎంతమందిమో వాళ్లకెలా తెలుస్తుందిరా? అందరం ఒకచోట కనపడాలి."

ఆ మాట మాకందరికీ సబబుగానే తోచింది. ఆ రోజు క్యాంటీనులో నిలబడ్డానికి చోటు లేదు. సెలవులో ఉన్నవాళ్లు కూడా వచ్చారు. ఫోన్లన్నీ నోళ్లు మూసుకుని క్రేటులో చేరాయి. బాబాయి ఫోను ఒక్కటే టీవీకి కలిపి, మంచినీళ్ల జగ్గుకి ఆనించి నిలబెట్టాం. చేరేముందు పేరు అడిగింది. "అందరం అని రాయమ్మా," అన్నాడు. రాశాను.

తెర మీద ఒక పెద్దమనిషి రంగురంగుల గీతలు చూపించి, ఇక ప్రశ్నలు అడగండి అన్నాడు. ఫోన్లో చెయ్యి బొమ్మ నేనే నొక్కాను. చాలాసేపటికి మా వంతు వచ్చింది. బాబాయి గొంతు విప్పాడో లేదో, ఆ పెద్దమనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్లు లాగేసుకుని, "కొంచెం మెల్లగా సార్. మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాం," అని ఇంకొకరిని పిలిచాడు. మా మైకు ఆగిపోయింది.

ఓటు వచ్చింది. "నడపాలి అనేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు బాబాయి. అన్ని చేతులూ లేచాయి. "ఫోనుకేసి చూపించండి. వెనకాలవాళ్లు బల్లలెక్కండి. దించకండి, వాళ్లని లెక్కపెట్టుకోనివ్వండి." నా పక్కన పనిచేసే అక్కకి భుజం నొప్పి. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని నిలబెట్టింది. బాబాయి వంగి, నడపాలి అన్నచోట అందరి తరఫునా ఒక్కసారి నొక్కాడు.

ఆర్పేయాలి అన్న గీత తెర ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. మాది గోరంత ఉంది.

"ఇటు చూడండయ్యా! చేతులు చూడండి!" అని బాబాయి ఫోనుకేసి గొంతు చించుకున్నాడు. అప్పటికే తెర నల్లబడింది. ఇంతలో ఆఫీసు గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మీరంతా ఏం చేస్తున్నారిక్కడ? చూసేవాళ్ల కెమెరాలు అసలు పనిచెయ్యవు. ఫోనుకి ఒక్క ఓటే! ఎవరి ఫోన్లో వాళ్లు వెయ్యాలి కదా!"

బాబాయి తలుపు దగ్గరున్న క్రేటు వైపు చూశాడు. కొన్ని చేతులు ఇంకా దిగలేదు.

ఫర్నేసు మొహం ఏనాడూ చూడని ఆఫీసులవాళ్లు, అమ్మకాలవాళ్లు తీరిగ్గా ఎవరి ఫోను వాళ్లు నొక్కారు. వాళ్ల ఉద్యోగాలకి ఢోకా లేదు, పరిహారం పైన కలిసొచ్చింది. నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. వాళ్ల మీదే కాదు, బాబాయి మీద కూడా.

మా వాళ్లు ఒక్కొక్కరే క్రేటులోంచి ఫోను తీసుకుని ఆన్ చేశారు. 'మీ ఓటు కోసం ఎదురుచూస్తున్నాం' అంటూ గడువు దాటిపోయిన మెసేజీలు ఒకదాని తర్వాత ఒకటి మోగడం మొదలుపెట్టాయి. బాబాయిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

ఫర్నేసు చల్లారింది. ఇటుకలు పగిలే చప్పుడు గేటు దాకా వినపడింది. నేను ఒక మందుల షాపులో చేరాను. బాబాయికి ఆ వయసులో ఎవరూ పని ఇవ్వలేదు. ఇప్పుడాయన ఏమన్నా అంటే, పిన్ని దగ్గరికొచ్చి "ఏంటీ?" అని మళ్లీ అడగాల్సి వస్తోంది.

మొన్న వెళ్తే తన ఫోను నా చేతిలో పెట్టాడు. "ఆ లింకుల్లో ఎలా చేరాలో నేర్పించమ్మా."

"ఏం మీటింగుంది బాబాయ్?"

"ఏదీ లేదులే. నేర్పించు."

నా ఫోన్లో ఒక మీటింగు తెరిచి ఆయన్ని చేర్చాను. ఈసారి పేరు దగ్గర తన పేరే కూడబలుక్కుంటూ రాసుకున్నాడు. చెయ్యి బొమ్మ చూపిస్తే నొక్కాడు. నా తెర మీద చిన్న పసుపు చెయ్యి లేచింది.

"కనపడుతోందా?"

"కనపడుతోంది బాబాయ్."

"ఎన్ని?"

"ఒక్కటే," అన్నాను. ఆ చెయ్యి ఎలా దించాలో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.