కువైట్‌లో రొయ్యల మేత ఎవరికండీ?

రాజోలు బుజ్జిబాబుకు కంప్యూటరు విద్య ఎవరూ చెప్పలేదు. పుస్తకం ముందేసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని తనే నేర్చుకున్నాడు. రొయ్యల ధర, కొబ్బరికాయల ధర ఏ పూటకాపూట చెప్పే వెబ్‌సైటొకటి కట్టుకున్నాడు. రెండువేల ఏడులో దానికి మొదటి ప్రకటన దొరికింది. ఉప్పలగుప్తంలో రొయ్యల మేత అమ్మే కామరాజు తన కొట్టు బొమ్మ పెట్టుకోనిచ్చాడు.

"ఓ నెల చూస్తానండి. ఆ బొమ్మను రైతులే నొక్కుతున్నారని చూపించండి, ఉంచేద్దాం. లేదంటే ఏమనుకోకండి, తీసేయండి."

అది నిలబడితే మిగతా కొట్లవాళ్ళూ వస్తారు. లేకపోతే వెబ్‌సైటు మూసేసి బావగారి కొబ్బరి కొట్లో కూర్చోవలసిందే. అందుకే బొమ్మను నొక్కింది ఏ ఊరి నుంచో, ఏ కంప్యూటరు నుంచో పట్టి చెప్పే ఏర్పాటు కూడా బుజ్జిబాబే తంటాలుపడి తయారుచేశాడు.

మొదట్లో నత్తనడక. ఉన్నట్టుండి లెక్క వరదగోదారిలా పొంగింది. ఆనందం పట్టలేక కామరాజుకు ఫోన్ చేసి చెప్పేశాడు. తరవాత తీరిగ్గా చూసుకుంటే అసలు సంగతి బయటపడింది. సగం నొక్కులు రాజోలు బస్టాండు దగ్గర ఒకే నెట్ సెంటర్ నుంచి. మిగతా వాటిలో చాలా మటుకు కువైట్ నుంచీ, మస్కట్ నుంచీ!

పరుగున నెట్ సెంటర్‌కు వెళ్ళాడు. అక్కడ మేనత్త వీరలక్ష్మి, పొరుగింటి అన్నపూర్ణను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వెనకాలే నిలబడి ఉంది.

"ముందు మావాడి బొమ్మ నొక్కవే. ఆనక కువైట్‌లో మీ ఆయనతో మాట్లాడుకుందువుగాని. ఆయన్నీ అక్కణ్ణుంచి నొక్కమను."

"అత్తా! ఏంటిది?"

"పెళ్ళిలో చదివింపులు చదివించమూ? ఇదీ అంతే. మన పిల్లాడి పనికి మనం చెయ్యి వెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

"చెరువులున్నోళ్ళు నొక్కాలత్తా!"

"వాళ్ళు వచ్చేదాకా బోసిగా ఉండాలేంట్రా? మన వీధంతా నొక్కేరు. రానివాళ్ళకి నేనే కబురంపేను."

అన్నపూర్ణ బిక్కమొహం వేసింది. "తప్పయిపోయిందా అండీ? పోనీ, నొక్కినవి వెనక్కి తీసేసుకుంటామండి."

ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు బుజ్జిబాబుకు. ఇంటికొచ్చి ఆ నెట్ సెంటర్నీ, గల్ఫునూ లెక్కలోంచి తీసేశాడు. మిగిలినవి కొద్దే. కానీ ఉప్పలగుప్తం, అమలాపురం, కొత్తపేటల నుంచి వచ్చిన అసలైనవి. ఏదీ దాచకుండా పట్టుకెళ్ళి కామరాజు ముందు పెట్టాడు.

"కువైట్‌లో రొయ్యల మేత ఎవరికండీ?" అన్నాడు కామరాజు.

"మా మేనత్త నొక్కించిందండి. అవి తీసేశాను. ఇవి మాత్రం నిజమండి."

"ఆయ్. మొన్నా నిజమే అన్నారు. అమలాపురంలో తమరికి పిన్నిగార్లెవరూ లేరాండీ?"

బుజ్జిబాబుకు ఉన్నారు. ఇద్దరు.

"తీసేయండి. ఏమనుకోకండే. కాఫీ తాగి వెళ్ళండి."

బుజ్జిబాబు కాఫీ తాగి లేచాడు. ఇంటికొచ్చి బొమ్మ తీసేసిన కాసేపటికే అత్త ఫోను.

"ఒరేయ్, నీ బొమ్మ కనబడట్లేదేంట్రా? ఆడోళ్ళంతా పనులు మానుకుని వచ్చి నిలబడ్డారిక్కడ!"

"లేదత్తా. అయిపోయింది. రేపట్నుంచి బావ కొట్టుకెళ్తున్నాను."

"అలాగా," అంది వీరలక్ష్మి. "మరక్కడ మేమేం నొక్కాల్రా?" అనడిగింది.